ఆకుపచ్చ త్రిభుజం చెప్పని సంగతి

మిరపకు తెగులు మందు తెచ్చినప్పుడు ప్యాకెట్‌ను ఒకసారి తిప్పి చూడండి. ఒక మూలన, కొస మీద నిలబెట్టిన చదరం ఉంటుంది. పై సగంలో హెచ్చరిక, కింది సగం త్రిభుజంలో రంగు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒకటి. నర్సంపేట, పరకాల, ములుగు వైపు పత్తి, మిరప పెట్టేవాళ్లకు ఈ రంగుల లెక్క నోటికే వచ్చు. ఎర్రది ఉంటే జాగ్రత్త, ఆకుపచ్చది ఉంటే పర్వాలేదు. మందు కలిపే మనిషి ప్రాణం వరకు అది పనికొచ్చే లెక్కే. ఆ కలిపేది కడుపుతో ఉన్న ఆడమనిషి అయితే, లేదా అవే చేతులతో సాయంత్రం పసిబిడ్డను ఎత్తుకుంటే, ఆ రంగును నమ్మడానికి లేదు.

ఎందుకో తెలియాలంటే రంగు ఎట్లా వేస్తారో చూడాలి. ఎలుకలకు మందు తినిపిస్తారు. ఎంత మోతాదుకు సగం ఎలుకలు చనిపోతాయో దాన్ని కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకడతారు. 50 లోపు అయితే ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5,000 దాకా నీలం. 5,000 దాటితే ఆకుపచ్చ. మింగితే చస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్నకే ఆ రంగు జవాబు. తక్కువ మోతాదులో ఆరు వారాల పిండానికి ఏమవుతుంది, ఆడపిల్ల ఎప్పుడు ఈడుకొస్తుంది, మగపిల్లవాడు ఎంత ఎత్తు పెరుగుతాడు అన్నవి ఆ పరీక్షలో అడగరు.

మాంకోజెబ్ సంగతే తీసుకుందాం. మిరప, టమాట, ఆలుగడ్డ మీద మచ్చ తెగుళ్లకు కొట్టే పసుపు రంగు మందు పొడి. ఇది ఆకుపచ్చ వర్గంలోదే. కానీ ఇది విరిగినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది. థైరాయిడ్ గ్రంథిలో హార్మోన్ తయారు కావడానికి కావలసిన ఎంజైముకు అది అడ్డుపడుతుంది. యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్‌కు అనుమతి పొడిగించలేదు. సంతానోత్పత్తికి హాని చేస్తుందని, హార్మోన్ల వ్యవస్థను చెడగొడుతుందని చెప్పి ఆపేసింది. మన దగ్గర అదే పొడి ఆకుపచ్చ త్రిభుజం వేసుకుని అమ్ముడవుతోంది.

థైరాయిడ్‌కు అడ్డుపడితే పిల్లల ఎదుగుదలకు ఏమిటి సంబంధం? కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ దాదాపు 12 వారాలకు పని మొదలుపెడుతుంది. తగినంత హార్మోన్ చేసుకోవడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అప్పటిదాకా మెదడుకు, ఎముకలకు కావలసిన హార్మోన్ అంతా తల్లి రక్తంలోంచే రావాలి. ఆమెకు కొంచెం తగ్గితే ఆమె కొంచెం నీరసపడుతుందంతే. బిడ్డకు మాత్రం ఆ వారాల్లో కట్టాల్సినవి సరిగా కట్టుకోవు, అవి తర్వాత పూడేవి కావు.

అసలు ఎదుగుదల అంటే హార్మోన్లు వంతులవారీగా నడిపించే పని. పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్లుండే బిడ్డ మొదటి ఏడాదిలో 25, రెండో ఏడాదిలో 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. నాలుగేళ్ల నుంచి ఈడు వచ్చేదాకా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు. మొదట్లో తిండి, ఇన్సులిన్ వంటి పెరుగుదల కారకాలు నడిపిస్తాయి. తర్వాత పెరుగుదల హార్మోన్, థైరాయిడ్ కలిసి లాక్కుపోతాయి. ఈడు వచ్చే వయసులో ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ చేరతాయి. ఎముకల కొసల్లో పెరిగే మెత్తని పొర ఉంటుంది. దాన్ని చివరికి మూసేసేది ఈస్ట్రోజెన్. ఆడపిల్లల్లోనే కాదు, మగపిల్లల్లో కూడా అంతే. కాబట్టి ఈడు ముందే వచ్చిన పిల్ల తొమ్మిదేళ్లకు తరగతిలో అందరికంటే పొడుగ్గా కనిపిస్తుంది, పదహారేళ్లకు అందరికంటే పొట్టిగా మిగిలిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆ తొమ్మిదో ఏట సంతోషపడతారు, అప్పుడే డాక్టరుకు చూపించాల్సింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పుట్టిన మొదటి ఆరు నెలల్లో కూడా పిల్లల్లో ఈ సెక్స్ హార్మోన్లు ఒకసారి పెద్ద మోతాదులో పైకి లేచి తగ్గుతాయి. మగపిల్లల్లో ఒకటి నుంచి మూడో నెలలో ఎక్కువ. సరిగ్గా మనం బిడ్డకు వాసన పౌడర్లు, నూనెలు, సబ్బులు ఎక్కువగా పట్టించే రోజులవి.

హార్మోన్‌ను పోలిన పదార్థం గానీ, హార్మోన్‌కు అడ్డుపడే పదార్థం గానీ ఆ వంతుల మధ్యలో దూరితే ఏమవుతుందన్నది 1991 నుంచీ ఒక ప్రత్యేక శాస్త్రంగా నడుస్తోంది. ఆ ఏడాది అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో జంతుశాస్త్రవేత్త థియో కోల్‌బర్న్ చొరవతో జరిగిన సమావేశంలోనే ఎండోక్రైన్ డిస్రప్టర్ అన్న పేరు పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ఆధారాల్లో మన పత్తి నేలకు దగ్గరివి మూడు.

మొదటిది క్లోర్‌పైరిఫాస్. పసుపు త్రిభుజం మందు. పత్తిలో కొడతాం, ఇంటి పునాదుల్లో చెదలకు పోస్తాం. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు బొడ్డుతాడు రక్తంలో ఈ మందును, ఇదే కోవలోని డయాజినాన్‌ను కొలిచి 2004లో ఫలితాలు వేశారు. రెండూ కలిపి ఎక్కువున్న బిడ్డలు బొత్తిగా లేనివాళ్లకంటే సగటున 186 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. ఇళ్లలో వాడకం ఆపించాక, 2001 జనవరి తర్వాత పుట్టిన పిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. ఈ రెండో సగమే నాకు ముఖ్యం. మందు ఆపితే, పుట్టే బిడ్డ బరువులో అది కనిపించింది. 2025 మేలో క్లోర్‌పైరిఫాస్‌ను స్టాక్‌హోం ఒప్పందం జాబితాలో, అంటే ప్రపంచమంతా వదిలించుకోవాల్సిన మొండి విషాల జాబితాలో, చేర్చారు.

రెండోది ఎండోసల్ఫాన్. మన పత్తి చేలల్లో ఏళ్లపాటు కొట్టిన మందే. కేరళ కాసరగోడ్‌లో జీడితోటల మీద ఇరవై ఏళ్లకు పైగా గాలిలోంచి చల్లారు. అక్కడి పడ్రె గ్రామంలో మగపిల్లలను పరీక్షించి 2003లో వేసిన అధ్యయనంలో వాళ్లకు ఈడు ఆలస్యమవుతున్నట్టు, టెస్టోస్టిరాన్ తక్కువున్నట్టు తేలింది. సుప్రీంకోర్టు 2011 మే 13న దేశమంతా ఆపించింది.

మూడోది పాత పురుగుమందు డీడీటీ విరిగితే వచ్చే డీడీఈ. వ్యవసాయంలో డీడీటీకి 1989 నుంచీ నిషేధం. కొవ్వులో ఏళ్ల తరబడి ఉంటుంది గనుక ఇంకా తల్లుల రక్తంలో దొరుకుతుంది. స్పెయిన్‌లో దీన్ని కొలిచినప్పుడు ఫలితం తిరగబడి వచ్చింది. తల్లి మామూలు బరువులో ఉండి రక్తంలో డీడీఈ ఎక్కువుంటే, బిడ్డ మొదటి ఆరు నెలల్లో అతిగా బరువు పెరిగే అవకాశం దాదాపు రెట్టింపయింది. అట్లా పెరిగినవాళ్లు తర్వాత లావెక్కడమూ ఎక్కువే. ఇటువంటివాటికే 2006లో బ్రూస్ బ్లూంబర్గ్, ఫెలిక్స్ గ్రూన్ అనే శాస్త్రవేత్తలు ఒబెసోజెన్లని, అంటే లావెక్కించేవని, పేరు పెట్టారు.

ఒక మందు బరువు తగ్గిస్తుంది, ఒకటి ఈడును వెనక్కి నెడుతుంది, ఇంకొకటి బొద్దుగా చేస్తుంది. అందుకే బిడ్డ బొద్దుగా ఉంటే అంతా బాగున్నట్టే అన్న మన ఇళ్లలోని మాటను నేను ఒప్పుకోను. త్రాసు ఒక్కటి చూసి ఎదుగుదల బాగుందని చెప్పలేం.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. దానికి మొదటి కారణాలు తల్లి తిండి, రక్తహీనత, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, చిన్న వయసు పెళ్లిళ్లు. రసాయనాలను ముందుకు తెచ్చి వీటిని వెనక్కి నెట్టేవాళ్లతో నేను లేను. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు మానేసి ఆర్గానిక్ బియ్యం కొంటే బిడ్డకు నష్టమే. నా వాదన ఇంతవరకే: అదే తల్లి, అదే బిడ్డ, ఆ బలహీనత మీద ఈ రసాయనాలు కూడా పడుతున్నాయి. వీటిలో కొన్నిటిని ఆపడానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు గడియ దగ్గర ఉంది. మగపిండంలో జననాంగాల తీరు ఖాయమయ్యేది 8 నుంచి 14 వారాల మధ్య. థైరాయిడ్ కోసం పూర్తిగా తల్లి మీద ఆధారపడేదీ ఆ వారాల్లోనే. మన దగ్గర నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. అయిదో నెలలోనో ఏడో నెలలోనో శ్రీమంతం చేసి, అప్పటి నుంచి బరువు ఎత్తనివ్వరు, ఎండకు పోనివ్వరు. చూపే ప్రేమంతా నిజమే. కానీ రసాయనాల విషయంలో జాగ్రత్త మొదలయ్యేసరికి అసలు గడియ దాటిపోయి ఉంటుంది. పత్తిలో మందులు ముమ్మరంగా కొట్టే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నెల తప్పిన మనిషి, ఎవరికీ తెలియకుండానే, మందు నీళ్లు మోస్తూ ఉంటుంది.

చేను దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. పంపు భుజాన వేసుకుని కొట్టేది మగమనిషి. నీళ్లు మోసి, డబ్బా మూత తీసి, కొలిచి, బకెట్‌లో కలిపి అందించేది చాలాసార్లు ఆడమనిషి. కొట్టేవాడికే ప్రమాదమని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి. మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు, 16 లీటర్ల పంపుకు 40 గ్రాములు. పంపులోని నీటికంటే ప్యాకెట్‌లోని పొడి 400 రెట్లు చిక్కన. కలిపేటప్పుడు వేళ్లకంటిన చిటికెడు పొడి, ముక్కులోకి లేచిన దుమ్ము, కొట్టేటప్పుడు పడే తుంపర కంటే ఎంతో చిక్కనివి. కాబట్టి కడుపుతో ఉన్న మనిషిని పనులన్నీ మానిపించే స్తోమత ఇంటికి లేకపోయినా, ముందు మానిపించాల్సింది కలిపే పని. రెండోది, మందు కొట్టిన మడిలోకి ఆకు తడి ఆరకముందే పోవడం. తడి ఆరాక కూడా మర్నాడు దాకా ఆగడం మంచిది, లేబుల్ మీద అంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే దాని ప్రకారం. ఆమె కూలి పోకుండా మందు పడని చేనులో కలుపు పని చూపించొచ్చు. పోవద్దని చెప్పి ఊరుకుంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు?

కలిపేవాళ్లు ఎవరైనా చేయి పెట్టి కలపొద్దు, కర్ర పెట్టి కలపాలి. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదే అలవాటు ఇంకా ఉంది. పాత టూత్‌బ్రష్ ఒకటి పంపుకు కట్టి ఉంచితే ఆ అవసరం రాదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు నీళ్లతో తొలిచి ఆ నీళ్లను పంపులోనే పోయాలి. తర్వాత డబ్బాకు పొడిచి చిల్లులు పెట్టి, ఇళ్లకు, బావికి దూరంగా పాతాలి. కడిగేసి కిరోసిన్‌కో, స్నానాల గదిలో నీళ్లకో వాడడం, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం అస్సలు వద్దు. ఆ ప్లాస్టిక్ మందును లోపలికి పీల్చుకుని ఉంటుంది, కడిగితే పోదు.

మందు చేను దగ్గరే ఆగదు, బట్టల మీద ఇంటికొస్తుంది. కొట్టి వచ్చిన మనిషి వాకిట్లోకి రాకముందే కొట్టం దగ్గర బట్టలు విప్పి, సబ్బుతో తలంటుకుని, గోళ్లు రుద్దుకుని, ఆ తర్వాతే బిడ్డను ముట్టుకోవాలి. నాన్న రాగానే పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకునే పిల్లను ఆపడం ఎంత కష్టమో తెలుసు. స్నానం నీళ్లు కొట్టం దగ్గరికే చేరిస్తే సగం సమస్య తీరుతుంది. ఆ బట్టలు వేరే బకెట్‌లో, ముందు ఉత్త నీళ్లతో జాడించి, తర్వాత వేడి నీళ్లు, సబ్బుపొడితో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. మందు చొక్కా, పసిబిడ్డ పొత్తిగుడ్డలు ఒకే గోలెం నీళ్లలో నానేస్తారు. చొక్కా మీది మందు గుడ్డలకెక్కి, రోజంతా తడిగా బిడ్డ ఒంటికి అంటుకుని ఉంటుంది. పెద్దవాళ్ల చర్మం కంటే ఆ చర్మం పలుచన.

ఏరిన పత్తిని ధర వచ్చేదాకా ఇంట్లోనే ఒక అర్రలో పోసి ఉంచడం మనకు మామూలే. మెత్తగా ఉంటుందని పిల్లలు ఆ కుప్ప మీదే దొర్లుతారు, అక్కడే పడుకుంటారు. పత్తిలో ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో గుర్తుకు తెచ్చుకోండి. అర్రకు తలుపు లేకపోతే టార్పాలిన్ అడ్డం కట్టండి. నేలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. పాకే బిడ్డ నేల మీది దుమ్మును అరచేతులతో ఎత్తి నోట్లో పెట్టుకుంటుంది.

ఆ నోటి లెక్క కూడా చెప్పాలి. పాలు తాగే బిడ్డ కిలో బరువుకు రోజుకు దాదాపు 150 మిల్లీలీటర్లు తాగుతుంది. 60 కిలోల పెద్దమనిషి అదే లెక్కన తాగితే రోజుకు 9 లీటర్లు. పాలలోకి, నీళ్లలోకి దిగేది ఎంత కొంచెమైనా బిడ్డకు కొంచెం కాదు.

వంటింట్లో మాంకోజెబ్ మళ్లీ ఎదురవుతుంది. ఇది మొక్క లోపలికి పోదు, తోలు మీదే పొడిలా అతుక్కుని ఉంటుంది. కడిగితే చాలావరకు పోతుంది. కడగకుండా వండితే మాత్రం వేడికి అదే ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. టమాట, మిర్చి, ఆలుగడ్డ పొయ్యెక్కక ముందే కడగాలనేది అందుకు. పద్ధతి ఇది. కోయకముందు పారే నీళ్ల కింద అర నిమిషం చేత్తో రుద్దాలి. తర్వాత లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు, అంటే నాలుగు టీ చెంచాలు, కలిపి 15 నిమిషాలు నానబెట్టాలి. ఉప్పు బదులు వంటసోడా అయితే 10 గ్రాములు చాలు. అమెరికాలో యాపిల్స్ మీద 2017లో చేసిన పరీక్షలో ఈ పాళ్ల సోడా నీళ్లే ఉత్త నీళ్లకంటే బాగా పనిచేశాయి. ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, అప్పుడు కోయాలి. కోసి నానబెడితే విటమిన్ సి నీళ్లలో పోతుంది, పైనున్న మందు కోసిన చోటి నుంచి లోపలికి దిగుతుంది.

దీనికీ హద్దుంది. ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి మొక్క రసంలోకి ఎక్కి కాయ లోపలే ఉంటాయి. ఉప్పు నీళ్లు వాటిని తాకలేవు. అక్కడ పనిచేసేది మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు పాటించడం ఒక్కటే, అది రైతు చేతిలో ఉంది. ఇంటికని పెట్టుకున్న రెండు సాళ్ల టమాట, వంకాయ మీద ఆ రోజులు లెక్కపెట్టడం మనకు సాధ్యమే. పెరట్లో తోటకూర, బచ్చలి అయితే మందే అక్కర్లేదు.

ప్లాస్టిక్ గురించి భయం ఎక్కువ, వివరం తక్కువ. అందుకని విడమరిచి చెబుతాను. బిస్‌ఫినాల్ ఏ, అంటే బీపీఏ, ఉండేది గాజులా గట్టిగా మెరిసే పాలీకార్బొనేట్‌లో. అడుగున 7 అంకె గానీ పీసీ అక్షరాలు గానీ ఉంటాయి. నీళ్ల ప్లాంట్ల నుంచి ఇంటికొచ్చే 20 లీటర్ల నీలం బబుల్స్‌లో చాలావరకు ఇదే. చల్లని నీళ్లలోకి బీపీఏ కొద్దిగానే దిగుతుంది. మరిగే నీళ్లు పోస్తే 15 నుంచి 55 రెట్లు వేగంగా దిగుతుందని సిన్సినాటి విశ్వవిద్యాలయం 2008లో కొలిచింది. సీసా కొత్తదా పాతదా అన్నదానికంటే నీళ్ల వేడి ఎక్కువ తేడా చేసింది. కాబట్టి ఆటో మీద, దుకాణం ముందు మే నెల ఎండలో నిలబెట్టిన బబుల్ తీసుకోకండి. కాచిన నీళ్లు అందులో నింపకండి. బిడ్డ ఉన్న ఇంట్లో భగీరథ నీళ్లు కాచి చల్లార్చి స్టీలు బిందెలోనో కుండలోనో పోసుకుంటే సరిపోతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ బీపీఏకు రోజువారీ హద్దును కిలోకు 4 మైక్రోగ్రాముల నుంచి 2023లో 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు, తగ్గించింది. ఈ సంగతి ఎంత తీవ్రమో అందులోనే ఉంది.

థాలేట్లు వేరు. ఇవి గట్టి పీవీసీని మెత్తగా చేయడానికి కలిపే నూనెలు. ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండవు గనుక వేడి, నూనె తగిలితే బయటికొస్తాయి. బిడ్డ కింద వేసే రెక్సిన్ షీటు, ఘాటు వాసన వచ్చే మెత్తని బొమ్మలు, నీళ్ల పైపు ముక్క నోట్లో పెట్టుకుని నమలడం, ఇవన్నీ దారులే. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. జాతరలో కొన్న బొమ్మ మీద అది లేకపోతే ఏడాదిలోపు బిడ్డకు ఇవ్వకండి. సాయంత్రం కర్రీ పాయింట్‌లో వేడి వేడి కూర కట్టించే కవర్‌కు వస్తే, మామూలు పాలిథిన్‌కు థాలేట్ అవసరం లేదు. కానీ పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన కవర్లలో ఏం కలిసిందో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. దాంట్లో మరిగే సాంబారు పోయించుకోవడం, చాయ్ కట్టించుకుని ఇంటికి తెచ్చి గర్భిణికి పోయడం మానేయాలి. స్టీలు గిన్నె వెంట తీసుకుపోతే ఏ దుకాణంవాళ్లూ కాదనరు.

పాల సీసా అసలు లేకుంటేనే మేలు. 2015లో భారత ప్రమాణాల సంస్థ పాల సీసాల్లో బీపీఏ వాడొద్దని ప్రమాణం మార్చింది. ఆ తర్వాత బీపీఏ లేదని పెద్ద అక్షరాలతో అమ్మేవి వచ్చాయి. బీపీఏ తీసేసిన చోట చాలా వస్తువుల్లో దాని తోబుట్టువు బీపీఎస్‌ను పెట్టారు, అదీ హార్మోన్లా ప్రవర్తించేదే. ఈ బాధలేవీ లేనిది మన ఉగ్గుగిన్నె. స్టీలుదో వెండిదో, ఉడికించి శుభ్రం చేయొచ్చు, మూలల్లో పాలు ఇరుక్కోవు. తప్పనిసరై తల్లిపాలు పిండి పట్టాల్సి వచ్చినా, పోతపాలు పట్టాల్సి వచ్చినా దీంతోనే పట్టొచ్చు.

తల్లిపాల దగ్గర ఒక ప్రమాదకరమైన అపార్థం పుడుతోంది. పాలలో మందులుంటాయట కదా, డబ్బా పాలు నయం కదా అని. డీడీఈ వంటివి పాలలోకి వస్తాయన్నది నిజమే. అయినా ఆరు నెలలు తల్లిపాలు ఒక్కటే పట్టించిన బిడ్డకు వచ్చే రక్షణ ముందు ఆ నష్టం చిన్నది. డబ్బా పాలు కలిపేది కూడా నీళ్లతోనే, పట్టేది ఎక్కువగా ప్లాస్టిక్‌తోనే. ముర్రుపాలు పిండి పారబోయడం, ఈ భయంతో పాలు మాన్పించడం రెండూ బిడ్డకు అన్యాయం.

పౌడర్, వాసన నూనెల గురించి ఒక్క మాటే. వాసన నిలవడానికి వేసేవాటిలో థాలేట్ ఒకటి ఉంటుంది, లేబుల్ మీద సువాసన అని మాత్రమే రాస్తారు. గర్భిణులు మోసిన ఈ థాలేట్‌కు, వాళ్ల ఆడపిల్లలకు ఈడు ముందే రావడానికి ముడి ఉందని కాలిఫోర్నియాలో 2019లో వచ్చిన అధ్యయనం చూపింది. బిడ్డకు నలుగు, గానుగ నువ్వుల నూనె చాలు. పౌడర్ అవసరమే లేదు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు బీడీలు చుట్టే తల్లులకు ఇంకో దారి ఉంది. ఒడిలో తంబాకు చాట, పక్కన ఉయ్యాల. తంబాకు పొడి నుంచి నికోటిన్ చర్మం గుండా, ముక్కు గుండా ఒంట్లోకి పోతుంది. మావిలో రక్తం పారడాన్ని తగ్గిస్తుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. చాటను బిడ్డ పడుకునే గదిలోంచి తీసి వరండాలో పెట్టడం, పాలివ్వబోయే ముందు చేతులు సబ్బుతో కడిగి పైట మార్చుకోవడం, కడుపుతో ఉన్నప్పుడు తంబాకు నింపే పని ఇంకొకరికిచ్చి ఆకు కత్తిరించే పని తీసుకోవడం, ఈ మూడూ చేయదగ్గవి.

ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది. బీపీఏ, థాలేట్లు ఒంట్లో నిలవవు, ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. అమెరికాలో అయిదు కుటుంబాలకు మూడు రోజులు డబ్బా, ప్యాకెట్ తిండి లేకుండా తాజాగా వండినవి పెడితే మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. ఒక ప్రధాన థాలేట్ ఆనవాళ్లు సగానికి పైగా తగ్గాయి. అంటే ఈ రోజు మార్చిన అలవాటు ఈ వారంలోనే ఒంట్లో కనిపిస్తుంది.

రక్షణ వైపు నుంచి రెండు పనులు. అయొడైజ్డ్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడడం గర్భిణులకు తగదు. అయొడిన్ తక్కువున్న తల్లికి థైరాయిడ్‌ను అడ్డగించే రసాయనం దెబ్బ ఎక్కువగా తగులుతుంది. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయొడిన్ కావాలి. ఇక ఐరన్ మాత్రలు. రక్తం తక్కువున్న ఒంట్లోకి సీసం ఎక్కువగా ఎక్కుతుంది, అది ఎత్తును కూడా తగ్గిస్తుంది. బిడ్డ కళ్లకు దుకాణంలో కొన్న కాటుక, సుర్మా పెట్టొద్దనేది అందుకే, కొన్నిట్లో సీసం ఉంటుంది.

ఎదుగుదల కొలవడంలో మన లోపం ఎక్కువగా పొడవు దగ్గరే. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టే కొలవాలి. ఒకరు తల పలకకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కి పాదాలు నిటారుగా ఉంచాలి. ఒక్కరే కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా సులభంగా వస్తుంది. రెండేళ్ల తర్వాత నిలబెట్టి కొలుస్తారు. నిలబడ్డ ఎత్తు పడుకున్న పొడవు కంటే 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, దాన్ని చూసి బిడ్డ కుంచించుకుపోయిందని బెంబేలు పడకండి. కార్డులో బరువు గీత నిలువునా పైకి పోతూ, పొడవు గీత అట్లాగే ఉంటే అది మంచి గుర్తు కాదు. నాలుగేళ్లు దాటాక ఏడాదికి 5 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరిగితే, ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకు ఛాతీ కనిపించినా, తొమ్మిదేళ్లలోపు మగపిల్లవాడిలో ఈడు గుర్తులు వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించాలి. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు తెలుస్తుంది. బడికి, అంగన్‌వాడీకి పిల్లలను పరీక్షించడానికి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి చెప్పినా పెద్దాసుపత్రికి పంపుతారు.

త్రిభుజం పక్కన ఇంకో గుర్తు పెట్టాలని, హార్మోన్ల మీద దెబ్బ తీసే మందులకు గర్భిణులు ముట్టరాదని తెలుగులో పెద్దగా రాయాలని నేను గట్టిగా అంటాను. అది ప్రభుత్వం చేయాల్సిన పని, వచ్చేదాకా ఏళ్లు పట్టొచ్చు. నెల తప్పిన వారంలోనే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకోవడానికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. దిష్టి భయం ఉంటే ఊరంతా చెప్పనక్కర్లేదు. అత్తకు, ఆశమ్మకు, పంపు మోసే మనిషికి, ఈ ముగ్గురికి తెలిస్తే, మర్నాడు మందు ఎవరు కలపాలో ఆ రాత్రే మాట్లాడుకోవచ్చు.